చెమట కన్నాలు

గోడ నుంచి రెండో పెళ్ల రాలి పడ్డప్పుడు లాయరమ్మ సరిగ్గా దాని కిందే నిలబడి ఫైర్ ఆఫీసరుతో వాదిస్తోంది.

ముందు చిన్న చప్పుడు. గోడలో ఎవరో మెటికలు విరిచినట్టు. ఆఫీసరు ఆమె రెక్క పట్టుకుని లాగాడు. జనం రాకుండా కట్టిన తాడు దాటి ఇద్దరూ రోడ్డు మీద పడేసరికి తలుపంత ఇటుక పెళ్ల వాళ్లు నిలబడ్డ చోట ముక్కలైంది. ఎర్రటి దుమ్ము లేవాలి. లేవలేదు. బురద చిందింది.

"ఇప్పుడైనా వెనక్కి వస్తారా మేడమ్?" ఆఫీసరు మోచేతులు దులుపుకున్నాడు. "పొద్దున ఒకాయన్ని ఆస్పత్రికి పంపాం. మిమ్మల్ని కూడా పంపే ఓపిక నాకు లేదు."

పొద్దున పడ్డ మొదటి పెళ్ల తోటమాలి తాత మీద పడింది. టవరు చుట్టూ ఉన్న తోటలో పైపు పట్టుకుని నిలబడ్డవాడు అలాగే కూలిపోయాడు. తుంటి విరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. మళ్లీ నడుస్తాడని మాత్రం అనలేదు.

లాయరమ్మ తలెత్తి చూసింది. తూర్పు వైపు గోడకి ఒక చెంప ఊడిపోయింది. గుండ్రటి ఇటుక గోడ, దాని మీద ఇనుప ట్యాంకు, ట్యాంకు మీద బోర్లించిన గిన్నెలాంటి కప్పు. ఆ నున్నటి కప్పు చూసే కాలనీ మొత్తం ఆ నీళ్ల టవరుని బోడయ్య అంటుంది. ఉత్తరాలు తెచ్చేవాడికి దారి చెప్పాలన్నా బోడయ్యే, పిల్లలు తప్పిపోతే వెతకాల్సిన చోటూ బోడయ్యే. పెళ్లికి ముందు దాని నీడలో ఎవరిని కలిశామన్నది ఏ ఇల్లాలూ మొగుడికి చెప్పదు.

ఆ టవరుని పడగొట్టి దుకాణాలు కడతామన్నప్పుడు కోర్టుకెక్కి ఆపింది లాయరమ్మే. కమిటీ పెట్టింది, సంతకాలు సేకరించింది, మున్సిపాలిటీ మెడలు వంచి టవరుని కమిటీ సంరక్షణలోకి తెచ్చింది.

రోడ్డు అవతల కేకలు వినబడి అటు తిరిగింది.

జనం మధ్యలో వాళ్ల అన్నయ్య. చేతిలో ఒక మనిషి చొక్కా కాలరు. కాలనీలో సగం ఇళ్లు కట్టిన తాపీ మేస్త్రీ అతను. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. ఇప్పుడు కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వీడే అమ్మడూ! వీడి మిషనే. నెలల తరబడి పక్కన భూమిని బాదిబాది మన బోడయ్య నడుం విరగ్గొట్టాడు."

కాలరు లోపలి మనిషి పక్క స్థలంలో కొత్త భవనానికి పునాది దిమ్మెలు దించే మిషను ఆపరేటరు. దాని మోత భరించలేక కాలనీ వాళ్లు అతనికి 'దడదడ' అని పేరు పెట్టారు. దడదడ పెదవి చిట్లింది. అయినా వెటకారం చావలేదు.

"నడుం విరగ్గొట్టాలంటే ముందు మీదే విరగ్గొట్టేవాణ్ణి మేస్త్రీ గారూ. రోజూ వచ్చి తిట్టేది మీరే కదా."

మేస్త్రీ చెయ్యెత్తాడు. లాయరమ్మ మధ్యలోకి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"కొట్టకు అన్నయ్యా. నువ్వు కొడితే కేసు తిరగబడుతుంది. ఇన్‌స్పెక్టర్ గారూ, ఇతన్ని స్టేషనుకి తీసుకెళ్లండి. ఫిర్యాదు నేనిస్తాను."

అలా అన్నప్పుడు ఆమె గొంతులో ఒక్క పిసరు అనుమానం కూడా లేదు. తర్వాత ఎన్నోసార్లు ఆమె ఆ గొంతుని తలుచుకుంది.

*

సాయంత్రం మున్సిపల్ కమిషనర్ టవరు దగ్గరికే వచ్చి విచారణ జరుపుతారు. ప్రమాదకర కట్టడం కాబట్టి ఆలస్యం కుదరదు. కూల్చే యంత్రం అప్పుడే డిపోలోంచి బయల్దేరింది.

టవరు బతకడానికి ఒకే దారి ఉంది. సంరక్షణ ఒప్పందంలో ఒక షరతు ఉంది: బయటివాళ్ల వల్ల నష్టం జరిగితే వాళ్ల చేతే మళ్లీ కట్టించాలి. కమిటీ వాళ్ల పని వల్లే జరిగితే సంరక్షణ రద్దు, కట్టడం కూల్చివేత. ఆ షరతుని పట్టుబట్టి రాయించింది లాయరమ్మే. మన చేతుల్లో దానికి కీడు జరగడమేమిటన్న ధీమా.

స్టేషన్లో దడదడ బెంచీ మీద కూర్చుని పెదవికి తడి రుమాలు అద్దుకుంటున్నాడు.

"ఒప్పుకుంటే నీకే మంచిది," అంది ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని. "మిషను నడపమన్నది నీ యజమాని. ఆ మాట చెప్పు, నేనే నిన్ను బయటికి తెస్తాను."

"ఒక్క మాట అడుగుతాను మేడమ్. నా మిషను మోత మీరు ఆఖరుసారి ఎప్పుడు విన్నారు?"

లాయరమ్మ ఫిర్యాదు కాగితం తిరగేసి తేదీ కోసం వెతికింది. 

"మీ ఇల్లు నా మిషనుకి గోడ అవతలే. నిద్ర పట్టడం లేదని మా సైటుకొచ్చి నన్ను నిలబెట్టి కడిగేశారు ఒకసారి. ఈమధ్య రాలేదేం?"

ఆమె నిజంగా ఆలోచించింది. వానలు మొదలవకముందు. తర్వాత? తర్వాత ఆమె హాయిగా నిద్రపోయింది. మోత ఆగినందుకు ఎవరూ ఎవరికీ కృతజ్ఞతలు చెప్పలేదు. మోత ఆగిందని గమనించనేలేదు.

"సుత్తి విరిగింది," అన్నాడు దడదడ. "దిమ్మె మీద పడే బరువు లేదూ, అది. వానల ముందే విరిగింది. ఫౌండ్రీలో పడుంది ఇంకా. కావాలంటే వెళ్లి కూర్చోండి దాని మీద, చల్లగా ఉంటుంది."

ఇన్‌స్పెక్టరు ఆమెను తలుపు దాకా సాగనంపాడు. "ఫౌండ్రీకి మనిషిని పంపాను. సుత్తి అక్కడే ఉంది. కానీ అంతకుముందు బాదిన బాదుడుకే గోడ బీటలిచ్చి ఉండొచ్చు కదా. మీ ఇంజనీరుని అడగండి."

"నా ఇంజనీరు కాదు," అంది లాయరమ్మ. "మున్సిపాలిటీ వాడు."

*

మున్సిపల్ ఇంజనీరు టవరు లోపలే ఉన్నాడు. పొద్దున మొదటి పెళ్ల పడ్డప్పట్నుంచి వాల్వు తిప్పి ట్యాంకు ఖాళీ చేయిస్తున్నాడు. వీధి కాలవ నిండా బోడయ్య నీళ్లు పారుతున్నాయి. పిల్లలు కాగితం పడవలు వేస్తుంటే తల్లులు వీపు మీద రెండు తగిలించి లాక్కెళ్తున్నారు.

అతను ఆమెను చూసి నమస్కారం పెట్టలేదు. హెల్మెట్ మాత్రం ఇచ్చాడు.

"లోపలికి రానిచ్చారు చివరికి," అన్నాడు.

ఆ మాట ఆమెకు సూటిగానే తగిలింది. వానల ముందు అతను రెండుమూడు సార్లు వచ్చాడు. గోడలు ఒకసారి పరీక్షిస్తానన్నాడు. పరీక్ష పేరుతో లోపలికొచ్చి కూల్చేయాలని రాస్తాడని కమిటీ అనుకుంది. గేటు దగ్గరే నిలబెట్టి పంపేశారు. "మా పెద్దాయన్ని మేం చూసుకుంటాం, మీరు మీ గుంతల రోడ్లు చూసుకోండి," అని కమిటీలో ఒకడైన మేస్త్రీ అంటే అందరూ చప్పట్లు కొట్టారు. లాయరమ్మ కూడా కొట్టింది.

ఇంజనీరు టార్చి వేసి గోడ మీద అడ్డంగా అతికించిన సన్నటి గాజు పట్టీలు చూపించాడు. "పక్క సైటు మొదలైనప్పుడు నేనే అతికించాను, పాత బీటల మీద. అప్పటికింకా నన్ను గెంటలేదు మీరు. భూమి అదిరి బీట వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. చూడండి."

పట్టీలన్నీ చెక్కుచెదరకుండా మెరుస్తున్నాయి.

"అంటే మిషను కాదు," అంది ఆమె.  కేసు చేతిలోంచి జారిపోతోంది.

"కాదు. ఇటు రండి." అతను జేబులోంచి పెన్సిలు తీసి అడుగున ఇటుకల మధ్య సందులో గుచ్చాడు. పెన్సిలు ముద్దలోకి దిగినట్టు సగం దాకా దిగింది. "ఇది ఒక గోడ కాదు మేడమ్. రెండు గోడలు, మధ్యలో బెత్తెడు ఖాళీ. పాత ఇనుప ట్యాంకు ఎంత బిగించినా కొంచెం చెమ్మ కారుతుంది. ఆ నీళ్లు ఆ ఖాళీలోంచి దిగి కింద కన్నాల్లోంచి బయటికి పోయేవి. కట్టినవాళ్లు అందుకే వదిలారు. చెమట కన్నాలు అనేవాళ్లు."

"పోయేవి అంటున్నారు."

"ఇప్పుడు లేవు కాబట్టి."

బయటికి తీసుకెళ్లాడు, రాలని పడమటి వైపుకి. మోకాళ్ల మీద కూర్చుని తీగలు పక్కకి తప్పించాడు. ఇటుక గోడ నున్నగా, ఎర్రగా, ఏ మచ్చా లేకుండా ఉంది. చిన్న సుత్తితో తడుతూ పోయాడు. ఒకచోట మోత మారింది. ఉలి పెట్టి కొడితే ఇటుక రంగు బిరడా ఊడింది. వెంటనే నల్లటి నీళ్లు అతని బూట్ల మీదికి చిమ్మాయి. ఆగకుండా కారుతూనే ఉన్నాయి.

"చుట్టూతా మూసేశారు," అన్నాడు లేస్తూ. "ఈ వానాకాలమంతా గోడ కడుపులో నీళ్లు నిలబడి ఉన్నాయి. ఇటుక ఎంతకని తట్టుకుంటుంది? మూసినవాడు తెలివైనవాడు. సిమెంట్లో ఇటుక పొడి కలిపి రంగు కుదిర్చాడు. గీతలు కూడా దించాడు. నేను వెతుకుతూ కూడా కంటితో కనుక్కోలేకపోయాను. కుట్ర అంటే ఇలాగే ఉంటుంది."

లాయరమ్మ కిందపడ్డ బిరడా తీసింది. అంచులు తడిగుడ్డతో తుడిచినట్టు నున్నగా ఉన్నాయి. మధ్యలో ఇటుక గరుకుదనం కోసం గోనెపట్టా అద్దిన ముద్ర.

ఆ పనితనం ఆమెకు తెలుసు. వాళ్ల పెరటి గోడలో పంపు మార్చినప్పుడు పడ్డ పెద్ద కంత ఎక్కడుండేదో ఈరోజు వెతికినా దొరకదు. ఇటుక పొడి, తడిగుడ్డ, గోనెపట్టా. "అతుకు కనబడితే మేస్త్రీ ఎందుకు, జిగురు సీసా చాలు," అనేవాడు అన్నయ్య.

"దీన్ని ఎవరు చేసి ఉంటారో తెలుసా?" అడిగాడు ఇంజనీరు.

ఆమె బిరడాని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "సాయంత్రం చెబుతాను."

"పక్క బిల్డరు మనుషులైతే టవరు నిలబడుతుంది మేడమ్. మూడు వైపులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కూలింది కట్టుకోవచ్చు. మీరు చెప్పే పేరు మీద ఉంది అంతా."

*

మేస్త్రీ రోడ్డు చివర లారీలోంచి కలప గుంజలు దింపిస్తున్నాడు, గోడకి ఊతం పెడదామని. వదిన పక్కన నిలబడి మంచినీళ్ల సీసా పట్టుకుంది. పొద్దుట్నుంచి ఆయన పచ్చి మంచినీళ్లు ముట్టలేదట.

"అన్నయ్యా, బోడయ్య కింద కన్నాలుండేవి. గుర్తుందా?"

అతని మొహం విప్పారింది. ఆ రోజు మొత్తంలో మొదటిసారి.

"ఇప్పటికి అడిగావు. నీకు ఎప్పుడు కనబడుతుందా అని చూస్తున్నా. అతుకు తెలిసిందా?"

"తెలియలేదు. ఎవరికీ తెలియలేదు."

"అదీ పనంటే." గుంజ భుజం మార్చుకున్నాడు. "నువ్వే అన్నావుగా, ఆ పాచి మరకలు చూస్తే సిగ్గేస్తోంది, బోడయ్య ముక్కు కారుతున్న పిల్లాడిలా ఉన్నాడు అని. ఫొటోలు తీసేవాళ్లు వస్తున్నారని ఎంత హడావిడి పడ్డావు. నేనూ మీ వదినా పొద్దున్నే లేచి వెళ్లి చుట్టూ మూసేశాం. నీకు చెప్పకుండా. కడిగామనుకున్నావు కదూ."

కడిగారనే అనుకుంది. ఆ ఉదయం శుభ్రంగా మెరిసిన గోడని అరచేత్తో తడిమి, అన్నయ్య భుజం మీద తలపెట్టి నవ్వింది. ఆ ఫొటో కమిటీ గదిలో వేలాడుతోంది. ఆ పూట ఆమె ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. మరకలు ఎక్కడికి పోయాయి అని. లాయరు కదా, బతుకంతా అడ్డమైన ప్రశ్నలూ అడగడమే పని. ఆ ఒక్కటి అడగలేదు.

ఆమె చెప్పింది. రెండు గోడలు, మధ్య ఖాళీ, నిలిచిన నీళ్లు. మెల్లగా, ఆస్పత్రి వరండాలో చెప్పినట్టు చెప్పింది. మేస్త్రీ వింటూ వింటూ గుంజని కిందికి దించాడు.

"రెండు గోడలా?" అన్నాడు. "ఒకటే అనుకున్నా. మందంగా కట్టారు, పాతవాళ్లు కదా అనుకున్నా." దించిన గుంజ మీద చెయ్యి వేసి మళ్లీ అన్నాడు, "ఆ కన్నాలు పరంజా గుంజల కోసం వదిలినవి అనుకున్నానమ్మడూ. మా పనిలో వదులుతాం కదా, పని అయ్యాక మూస్తాం. వాళ్లు మూయడం మరిచిపోయారనుకున్నా. వాళ్ల పని నేను పూర్తి చేస్తున్నాననుకున్నా."

వదిన సీసా మూత బిగించింది. "విను అమ్మాయ్. ఇది మన ముగ్గురికే తెలుసు."

"స్టేషన్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు వదినా."

"వాడికి వాడి యజమాని ఉన్నాడు. పెద్ద లాయర్ని పెట్టి విడిపించుకుంటాడు. మీ అన్నయ్యకి ఎవరున్నారు? నువ్వు. ఇక ఈ కాలనీలో ఎవరైనా గోడకి మేకు కొట్టడానికైనా పిలుస్తారా ఈయన్ని? తాత పిల్లల మొహం చూడగలడా?"

"నువ్వుండవే," అన్నాడు మేస్త్రీ. చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పకపోతే బోడయ్య ఉంటాడా?"

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. "ఉంటాడు."

"చెబితే?"

"రేపు పొద్దుటికి ఉండడు."

మేస్త్రీ తలూపాడు.  చెప్పొద్దు అనలేదు, చెప్పు అనలేదు. గుంజ మళ్లీ భుజానికెత్తుకుని టవరు వైపు నడిచాడు. ఎందుకూ పనికిరాని ఊతం అని ఇద్దరికీ తెలుసు.

*

కమిషనర్ వచ్చేసరికి రోడ్డు నిండిపోయింది. బాల్కనీల్లో, మెట్ల మీద, కార్ల మీద జనం. వీధి మొగలో కూల్చే యంత్రం మెడ వంచుకుని ఆగి ఉంది. దడదడని జీపులోంచి దింపగానే ఎవరో చెప్పు విసిరారు. గురి తప్పి అది ఇన్‌స్పెక్టర్ టోపీకి తగిలింది. దడదడ దాన్ని తీసి చూసి, "జత కావాలి కదా, రెండోది కూడా వేయండి," అన్నాడు. 

ఇంజనీరు తనకి తెలిసింది చెప్పాడు. గాజు పట్టీలు పగల్లేదు, మిషను కారణం కాదు. కన్నాలు మూసేశారు, అదే కారణం. మూసిన మనిషి ఎవరో తనకి తెలియదు.

జనంలో గుసగుస పాకింది. తర్వాత అరుపులు. మిషను నడపకపోతేనేం, కన్నాలు మూసింది వాడే. బిల్డరు చేయించాడు. స్థలం కోసం చేయించాడు. కథ అందరికీ ఇట్టే కుదిరిపోయింది. కుదరకపోవడానికి ఏముంది, పొద్దుట్నుంచి దాన్నే కదా నమ్ముతున్నారు.

కమిషనర్ చెయ్యెత్తి ఆపారు. "సంరక్షణ కమిటీ తరఫున మీరు చెప్పండి. సాయంత్రం చెబుతానని ఇంజనీరుతో అన్నారట."

లాయరమ్మ ముందుకొచ్చింది. ఇంతమంది ముందు మాట్లాడటం ఆమెకు కొత్త కాదు. ఈ రోడ్డు మీదే, ఈ టవరు కోసమే, మైకు లేకుండా గంటలు గంటలు మాట్లాడింది. అప్పుడు ప్రతి మాటా చప్పట్లు తెచ్చింది.

"కన్నాలు మూసింది బయటివాళ్లు కాదు," అంది. "కమిటీ పూచీ అది."

అరుపులు ఒక్కసారిగా తెగిపోయాయి. వెనకనుంచి ఎవరిదో ముసలి గొంతు వినబడింది: "ఏమంటోంది ఈ పిల్ల? మతి పోయిందా?"

"మేడమ్," ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు, "మీరు పెద్ద మనసుతో కమిటీ మీద వేసుకుంటున్నారు. నాకు అర్థమైంది. కానీ ఒక మనిషి తుంటి విరిగింది. కేసు కట్టాలి. కమిటీకి చేతులుండవు. మనిషి ఎవరో తేలకపోతే నేను ఈ ఆపరేటర్ని వదల్లేను. జనం వదలనివ్వరు."

"ఆయన అన్నది నిజమే," అన్నారు కమిషనర్. "తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. విచారణ పొడిగిస్తాను. టవరు అప్పటిదాకా ఉంటుంది."

తెలియదు. ఒక్క మాట. విచారణలు ఎలా సాగుతాయో ఆమెకు తెలిసినంతగా అక్కడ ఎవరికీ తెలియదు. సాగదీయవచ్చు. ఏళ్లు సాగదీయవచ్చు. ఈలోగా గోడ బాగుచేయించవచ్చు. దడదడకి మాత్రం ప్రతి వాయిదాకీ ఇదే జీపు, ఇవే చెప్పులు.

ఆమె అతని వైపు చూసింది. అతను వెటకారం మానేశాడు. చిట్లిన పెదవిని నాలుకతో తడుపుకుంటూ ఆమె నోటివైపే చూస్తున్నాడు.

తర్వాత టవరు వైపు చూసింది. ఖాళీ అయిన ట్యాంకు మీద సాయంత్రపు ఎండ పడుతోంది. తాడు లోపల, ఎవరు వద్దన్నా వినకుండా, ఒక మనిషి ఊడిన చెంప కింద గుంజలు నిలబెడుతున్నాడు. ఒక్కో గుంజని భుజంతో నెట్టి, వెనక్కి జరిగి, వంకర సరిచూసుకుని మళ్లీ నెడుతున్నాడు. చేసే పని ఏదైనా చక్కగా చేయాలి అతనికి.

తాడు బయట వదిన, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతోంది.

"తెలుసు," అంది లాయరమ్మ.

తనకే వినబడేంత మెల్లగా అంది. కమిషనర్ ముందుకి వంగారు. "వినబడలేదమ్మా."

ఆమె గట్టిగా, వీధి మొగ దాకా వినబడేలా చెప్పింది.

"మా అన్నయ్య. ఆ గుంజలు నిలబెడుతున్నాడే, ఆయన. మీ అందరి ఇళ్లూ కట్టిన మేస్త్రీ. ఆ కన్నాలు మూసింది మా అన్నయ్యే."